ఏడువందల గాజు ఇటుకలు

*తుపాకి చంపిన మనిషి మర్నాటికి ఒక అంకె అయిపోతాడు. ఆ అంకెను మళ్లీ మనిషిగా మార్చడానికి ప్రపంచం నలుమూలలా కళాకారులు తుపాకినే చేతిలోకి తీసుకుంటున్నారు. కోస్తున్నారు, కరిగిస్తున్నారు, వాయిస్తున్నారు, నేలలో పరుస్తున్నారు. తుపాకి సంస్కృతిని నిలదీస్తున్న ఆ ప్రదర్శనలపై ఈవారం ముఖచిత్ర కథనం.*

ఆ ఇంటి గోడలో ఒక ఇటుకలో పసిపిల్లల బూట్లున్నాయి. ఇంకో ఇటుకలో, పట్టా పుచ్చుకున్న రోజున టోపీకి వేలాడిన కుచ్చు ఉంది. మరోదానిలో ఫొటో. ఒక్కో ఇటుకకు ఒక పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం. చూసేవాళ్లు తెలియకుండానే మనసులో తీసివేత లెక్క వేసుకుంటారు. కొన్ని ఇటుకల దగ్గర వచ్చే జవాబు చాలా చిన్నది.

ఇల్లంటే పెద్దదేమీ కాదు. చిన్నపిల్లలు పలక మీద వేసే ఇంటి బొమ్మలాంటిది. నాలుగు గోడలు, రెండు పక్కలకూ వాలిన కప్పు, అంతే. గోడల నిండా గాజు ఇటుకలు. లెక్కపెడితే 700. పక్కన అలాంటివే మరో మూడు ఇళ్లు. 2019లో షికాగో ఆర్కిటెక్చర్ బినాలే జరిగినప్పుడు అక్కడి కల్చరల్ సెంటర్‌లో ఈ నాలుగు ఇళ్లనూ మొదటిసారి నిలబెట్టారు. ‘గన్ వయొలెన్స్ మెమోరియల్ ప్రాజెక్ట్’ అని పేరు పెట్టారు. 700 అనేది ఊరికే వేసుకున్న సంఖ్య కాదు. అప్పటి లెక్కల ప్రకారం అమెరికాలో సగటున ఒక్క వారంలో తూటాలకు పోయే ప్రాణాలు అన్ని. ఒక ఇల్లు ఒక వారం. నాలుగిళ్లు ఒక నెల.

మాస్ డిజైన్ గ్రూప్ అనే ఆర్కిటెక్టుల సంస్థ, హ్యాంక్ విల్లిస్ థామస్ అనే కళాకారుడు కలిసి ఈ ఇళ్లు కట్టారు. అయితే ఇటుకలు నింపింది వాళ్లు కాదు. షికాగోలో తుపాకులకు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు పెట్టుకున్న ‘పర్పస్ ఓవర్ పెయిన్’, తుపాకుల నియంత్రణ కోసం పనిచేసే ‘ఎవ్రీటౌన్’ ముందుకొచ్చి కుటుంబాలతో మాట్లాడాయి. ఇంట్లో దాచుకున్న వస్తువుల్లోంచి ఒక్కటి ఇవ్వమని అడిగాయి. ఆ ఒక్కటే ఆ ఇటుకలోకి వెళ్తుంది.

మన ఇళ్లలో ఇది తెలియనిదేం కాదు. పోయినవాళ్ల బట్టలు పదిమందికీ పంచేస్తారు, మంచం తీసేస్తారు. అయినా ఆ ఇంటి అమ్మ బీరువా కింది అరలో, చీరల అడుగున ఏదో ఒకటి దాచే ఉంటుంది. వాచీయో, కళ్లజోడో, బడికి వెళ్లినప్పటి ఐడెంటిటీ కార్డో. ఎవరికీ చూపించదు. ఆ అర తెరిచి, ఆ వస్తువు తీసి, ముక్కూమొహం తెలియని జనం చూసేలా గాజు గోడలో పెట్టమని ఇవ్వడానికి ఎంత గుండెనిబ్బరం కావాలో ఒక్కసారి ఊహించండి. ఆ నిబ్బరమే ఆ ఇళ్లకు పునాది. 2021లో వాషింగ్టన్‌లోని నేషనల్ బిల్డింగ్ మ్యూజియానికి, 2024లో బోస్టన్‌కు అవి వెళ్లినప్పుడు జనం గొంతు తగ్గించి మాట్లాడుకునేలా చేసింది కూడా అదే.

మూడో పేరు

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదికి ఆదివారాలు వెళ్తే పిల్లల సందడి చూడాలి. కత్తుల దగ్గర, డాళ్ల దగ్గర, పాతకాలం తుపాకుల దగ్గర అద్దానికి ముక్కు ఆనించి నిలబడిపోతారు. నిజంగానే అందమైన పనితనం అది. పిడి మీద నగిషీ, గొట్టం మీద చెక్కడం చూస్తుంటే కన్ను తిప్పుకోలేం. పక్కన చిన్న చీటీ ఉంటుంది. ఏ దేశానిదో, ఏ కాలానిదో, ఏ పనితనమో చెబుతుంది. కొన్నిసార్లు ఎవరి చేతిదో కూడా చెబుతుంది.

ఏ మ్యూజియంలోనైనా తుపాకి పక్కన ఉండే చీటీలో ఈ రెండు పేర్లకే చోటు. చేసినవాడి పేరు, పట్టుకున్నవాడి పేరు. గొట్టానికి ఎదురుగా నిలబడ్డ మనిషి పేరు ఉండదు. తుపాకి పుట్టిందే ఆ మూడో మనిషి కోసం. అయినా చరిత్రలో, సినిమాలో, వార్తల్లో మొదట చెరిగిపోయేది అతడి పేరే. కాల్చినవాడి ఫొటో వారం రోజులు టీవీలో తిరుగుతుంది. ఏ కంపెనీ తుపాకి, ఎన్ని రౌండ్ల మేగజీను అన్నీ తెలుస్తాయి. చనిపోయినవాళ్లు మాత్రం ‘మృతుల సంఖ్య’లో కలిసిపోతారు.

తుపాకి సంస్కృతి మీద ఇన్నేళ్లుగా జరుగుతున్న కళాప్రదర్శనలను వరసగా చూస్తే అవన్నీ చేస్తున్నది ఒక్క పనే అనిపిస్తుంది. ఆ చీటీని అవి పూర్తి చేస్తున్నాయి. కొన్ని మొదటి పేరు దగ్గర ఆగి నిలదీస్తాయి, కొన్ని రెండో పేరును దగ్గరగా చూపిస్తాయి. గొప్పవి మాత్రం మూడో పేరును రాసి వెళ్తాయి.

చేసినవాడు

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఒక కుర్చీ ఉంది. దూరం నుంచి చూస్తే ఆఫ్రికా పెద్దమనుషులు కూర్చునే సింహాసనంలా ఉంటుంది. దగ్గరికి వెళ్తే తెలుస్తుంది, కాళ్ల నుంచి వీపు దాకా అంతా తుపాకి ముక్కలేనని. పేరు ‘థ్రోన్ ఆఫ్ వెపన్స్’. మొజాంబిక్ కళాకారుడు క్రిస్తోవావ్ కన్యావాతో 2001లో చేశాడు. కెస్టర్ అంటేనే ఎక్కువమందికి తెలుసు. ఆ దేశంలో 1977 నుంచి 1992 దాకా అంతర్యుద్ధం సాగింది. సుమారు పది లక్షల మంది చనిపోయారు. కెస్టర్ బంధువుల్లోనే ఇద్దరు కాళ్లు పోగొట్టుకున్నారు.

కుర్చీ వీపుకు వాడిన తుపాకి మడమలను చూడండి. మరల రంధ్రాలు కళ్లలా, పట్టీ తగిలించుకునే సందు నోరులా కలిసి నవ్వుతున్న ముఖంలా కనిపిస్తాయి. కెస్టర్ ఆ ముఖాన్ని చెక్కలేదు, తుపాకిలోనే ఉందని గుర్తుపట్టి పైకి కనిపించేలా పెట్టాడు. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. కుర్చీలో ఉన్న ముక్కల్లో ఒక్కటి కూడా ఆఫ్రికాలో తయారైంది కాదు. పోర్చుగీసు సైన్యం వాడిన రైఫిల్ ఉంది. తూర్పు యూరప్ నుంచి, ఉత్తర కొరియా నుంచి వచ్చిన కలాష్నికోవ్‌ల భాగాలున్నాయి. చచ్చిన పది లక్షల మంది ఒకే దేశంవాళ్లు. చంపిన ఇనుము మాత్రం ఎన్నో దేశాలు తిరిగి వచ్చింది. చరిత్ర పుస్తకం ఒక అధ్యాయంలో చెప్పేదాన్ని ఆ కుర్చీ నిలబడ్డచోట చెబుతుంది.

చేసినవాడి పేరును మరోలా వినిపించినవాడు మెక్సికో కళాకారుడు పెద్రో రేయెస్. 2020లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో టింగ్లీ మ్యూజియం కోసం ‘డిజార్మ్ మ్యూజిక్ బాక్స్’ తయారుచేశాడు. కీ ఇస్తే పాట పలికే పెట్టెలు మనకు తెలిసినవే. ఈ పెట్టెల్లో పలికేది తుపాకి గొట్టాల ముక్కలు. ఆస్ట్రియా కంపెనీ గ్లాక్ తుపాకి మోజార్ట్ స్వరాన్ని పలుకుతుంది. ఇటలీ కంపెనీ బెరెటా తుపాకి వివాల్డీని పలుకుతుంది. ప్రపంచానికి అంత మధురమైన సంగీతం ఇచ్చిన దేశాలే ఈ గొట్టాలనూ ఇచ్చాయన్నమాట. చెవికి ఇంపుగా ఉంటూనే లోపల ముల్లులా గుచ్చుకుంటుంది ఆ పాట.

మనమూ ఈ కథకు మరీ దూరంగా లేము. హైదరాబాద్‌లో గన్‌ఫౌండ్రీ అంటే ఇవాళ ఒక బస్టాపు, ఒక బ్యాంకు, ట్రాఫిక్. ఆ పేరు ఊరికే రాలేదు. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో అక్కడ ఫిరంగులు పోతపోయించాడు. పాతబస్తీ పెద్దలు దాన్ని ‘తోప్ కా సాంచా’ అనేవారు. చేసినవాడి పేరు చరిత్రలో ఉంది, చేయించుకున్నవాడి పేరూ ఉంది. ఆ ఫిరంగులకు ఎదురుగా నిలబడ్డవాళ్ల పేర్లు ఏ రాతిమీదా లేవు.

పట్టుకున్నవాడు

తుపాకికి ఒక ఆకర్షణ ఉంది. దాన్ని ఒప్పుకోకుండా తుపాకి సంస్కృతి గురించి మాట్లాడితే సగమే మాట్లాడినట్టు. దీపావళికి మనమందరం రీళ్ల తుపాకి పట్టుకున్నవాళ్లమే. ఎర్రరంగు రీలు లోపల పెట్టి, ట్రిగ్గర్ నొక్కితే ‘టప్’మని మోగి, గంధకం వాసన ముక్కుకు తగిలితే ఎంత సంబరం! ఎదుటి పిల్లవాడు గుండె పట్టుకుని పడిపోయినట్టు నటించేవాడు. ఆ వయసులో ఆట అక్కడితో అయిపోయేది, పడినవాడు లేచి నిలబడేవాడు. తెరమీద హీరో వందమందిని కాల్చినప్పుడు ఈలలు వేసిన నోళ్లూ మనవే. ఆ పడిపోయిన వందమందికి సినిమాలో పేర్లుండవు.

ఈ ఆకర్షణను తమ ఒంటిమీదే పరీక్షించుకున్న కళాకారులున్నారు. నికీ ద సాంఫాల్ 1961లో చెక్కపలకల మీద రంగు సంచులు అమర్చి, పైన తెల్లటి ప్లాస్టర్ పూసి, రైఫిల్‌తో కాల్చేది. తూటా తగిలినచోట తెలుపు మీద రంగు నెత్తురులా కారేది. కాల్చడంలో ఉన్న ఉద్రేకాన్ని, కారడంలో ఉన్న గాయాన్ని ఒకే పలక మీద చూపించింది.

1971 నవంబరు 19న కాలిఫోర్నియాలోని శాంటా అనాలో క్రిస్ బర్డెన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కొన్ని అడుగుల దూరం నుంచి స్నేహితుడు రైఫిల్‌తో అతడి ఎడమ చేతిని కాల్చాడు. చర్మం గీరుకునేలా తగలాలని అనుకున్న తూటా చేతిలోంచి దూసుకెళ్లింది. వియత్నాం యుద్ధంలో మనుషులు కూలిపోవడాన్ని అమెరికా రోజూ రాత్రి భోజనం చేస్తూ టీవీలో చూస్తున్న కాలమది. తెరమీద కాల్పులు చూసి చూసి మొద్దుబారిన కళ్లకు తూటా అంటే ఏమిటో గుర్తు చేయాలనుకున్నాడు. అలా గుర్తు చేయడానికి ఒక మనిషి తన చెయ్యి అడ్డం పెట్టాల్సి వచ్చిందంటే, ఆ మొద్దుబారుడు ఎంత లోతుకు దిగిందో అర్థమవుతుంది.

ఇటలీ ఫొటోగ్రాఫర్ గాబ్రియేలే గాలింబెర్తీ దారి వేరు. ‘ది అమెరిగన్స్’ పేరుతో అమెరికాలో తుపాకుల యజమానుల ఇళ్లకు వెళ్లాడు. తుపాకులన్నిటినీ నేలమీద, సోఫా మీద, మెట్లమీద ముగ్గు వేసినట్టు పద్ధతిగా పేర్చి, మధ్యలో మనుషుల్ని నిలబెట్టి ఫొటోలు తీశాడు. ఎక్కడా తిట్టలేదు, వెక్కిరించలేదు. బొమ్మలకొలువు ముందు నిలబడి ఫొటో దిగేవాళ్లలా వాళ్ల ముఖాల్లో గర్వం, ప్రేమ ఉన్నాయి. ఈ ఫొటోలకు 2021లో వరల్డ్ ప్రెస్ ఫొటో పురస్కారం వచ్చింది. వాటిని చూశాక తుపాకి అక్కడ ఇంటిలో ఒక మనిషిలా కలిసిపోయిందని తెలుస్తుంది. తాతనుంచి మనవడికి వచ్చే ఆస్తి అది. 1791 నుంచి రాజ్యాంగం రెండో సవరణ రక్షణలో ఉన్న హక్కు అది. తమను కాపాడేది అదేనని వాళ్లు మనస్ఫూర్తిగా నమ్ముతారు. ఆ నమ్మకాన్ని అర్థం చేసుకోకుండా దానితో వాదించలేం.

లెక్కలు మాత్రం ఆ నమ్మకానికి ఎదురు నిలుస్తాయి. స్మాల్ ఆర్మ్స్ సర్వే 2018లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో సామాన్య పౌరుల దగ్గరున్న తుపాకులు 85.7 కోట్లు. వాటిలో 39.3 కోట్లు ఒక్క అమెరికాలోనే. అంటే జనాభా కన్నా తుపాకులే ఎక్కువ. 2021లో అక్కడ తుపాకులకు 48,830 మంది బలయ్యారు. షికాగోలో కట్టిన గాజు ఇంటిని ఆ ఏడాది లెక్కతో కట్టాలంటే 700 ఇటుకలు చాలవు, 900కు పైగా కావాలి.

ఆ 48,830 మందిలో 26,328 మందివి ఆత్మహత్యలు. సగానికి పైనే. తుపాకి సంస్కృతి గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువమంది దాటేసే నిజమిది. అక్కడ పట్టుకున్నవాడు, ఎదురుగా నిలబడ్డవాడు ఒక్కరే. ఇంటికి కాపలా అని కొన్న తుపాకి, ఆ ఇంటి మనిషి మనసు చెదిరిన పది నిమిషాల్లో చేతికి అందింది. మరో దారి ఏదైనా అయితే ఆలోచించుకునే వ్యవధి ఉండేది, ఎవరో ఒకరు తలుపు తట్టే అవకాశం ఉండేది. తుపాకి ఆ వ్యవధి ఇవ్వదు. గాజు ఇళ్లలో వీళ్లకూ ఇటుకలున్నాయి. హత్యకు గురైనవాళ్ల పక్కనే, అదే కొలతలో, అదే గౌరవంతో.

ఎదురుగా నిలబడ్డవాడు

న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో ఒక కాగితాల దొంతర ఉంది. క్యూబాలో పుట్టిన ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ 1990లో చేసిన కళాఖండమది. పెద్ద కాగితం మీద సుమారు 460 మంది వివరాలు అచ్చువేశాడు. 1989 మే 1 నుంచి 7 దాకా ఒక్క వారంలో అమెరికాలో తూటాలకు పోయినవాళ్లు వాళ్లు. ఒక్కొక్కరి పేరు, వయసు, ఊరు, ఎలా పోయారన్న ఒకటి రెండు మాటలు, చాలామందికి ఫొటో. చూడటానికి వచ్చినవాళ్లు పైనుంచి ఒక కాగితం తీసుకుని ఇంటికి పట్టుకుపోవచ్చు. దొంతర తరిగితే మళ్లీ అచ్చువేసి పెడతారు. తరిగిపోవడం, మళ్లీ నిండటం. అమెరికాలో తుపాకి చావుల తీరు కూడా అదే. ఇంటికి తెచ్చుకున్న ఆ కాగితాన్ని ఏం చేయాలి? గోడకు అంటించలేం, చెత్తలో వేయలేం. ఆ ఇబ్బందినే ఆయన మన చేతికి ఇచ్చి పంపాడు.

గాజు ఇళ్లు కట్టిన హ్యాంక్ విల్లిస్ థామస్‌కు ఈ బాధ సొంతింటిది. 2000లో ఫిలడెల్ఫియాలో ఆయన దగ్గరి బంధువును దోపిడీలో కాల్చి చంపారు. అంత్యక్రియల్లో కుటుంబమంతా గుండెలవిసేలా ఏడుస్తున్న ఫొటో మీద, అందరికీ తెలిసిన ఒక క్రెడిట్ కార్డు ప్రకటన ధోరణిలో తుపాకి ధర, తూటా ధర, గొలుసు ధర వేసి 2004లో ప్రదర్శించాడు. తూటా డాలరు కూడా చేయదు. ఆ తర్వాత నీలిరంగు బ్యానర్ల మీద తెల్లని నక్షత్రాలు కుట్టించాడు. ఒక్కో బ్యానర్ 28 అడుగులు. మొత్తం నక్షత్రాలు 14,719. 2018లో అమెరికాలో ఇతరుల తుపాకులకు బలైనవారికి ఒక్కొక్కరికి ఒక్కో నక్షత్రం. అమెరికా జెండాలోని నక్షత్రాలు యాభై. వాటి ముందు ఈ నక్షత్రాలను ఊహించుకుంటే మనసు బరువెక్కుతుంది.

ఆ లెక్కల్లో మనవాళ్లూ ఉన్నారు. 2017 ఫిబ్రవరి 22న క్యాన్సస్ రాష్ట్రం ఒలేతలో, పని ముగించుకుని స్నేహితుడితో కూర్చున్న హైదరాబాద్ ఇంజనీరును ‘నా దేశం నుంచి వెళ్లిపో’ అని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. 2023 మే 6న టెక్సాస్‌లోని ఆలెన్ పట్టణంలో, వారాంతం షాపింగ్‌కు వెళ్లిన హైదరాబాద్ అమ్మాయి మాల్‌లో జరిగిన కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయింది. ఆ రోజు అక్కడ బలైనవారు ఎనిమిది మంది. పెట్రోలు బంకుల్లో, చిన్న దుకాణాల్లో రాత్రి డ్యూటీ చేస్తూ దోపిడీ దొంగల తూటాలకు పోయిన తెలుగు విద్యార్థుల వార్తలూ చదువుతూనే ఉన్నాం. శంషాబాద్ విమానాశ్రయంలో బొట్టు పెట్టి, పచ్చళ్ల డబ్బా సర్ది పంపిన బిడ్డ పెట్టెలో తిరిగొస్తే ఆ తల్లిదండ్రులకు రెండో సవరణ అంటే ఏమిటో ఎవరు చెప్పగలరు? తుపాకి సంస్కృతి అక్కడెక్కడో ఉన్న గొడవ అనుకోవడానికి తెలుగువాళ్లకు ఇక వీల్లేదు.

నేల మీద పరిచిన యుద్ధం

మూడో మనిషిని చీటీలో రాయడంతో ఆగకుండా, మొదటి పేరు స్థానంలో కూర్చోబెట్టిన కళాకారిణి ఒకరున్నారు. కొలంబియాకు చెందిన దోరిస్ సాల్సెదో. అర్ధశతాబ్దం దాటిన పోరాటం తర్వాత 2016లో ప్రభుత్వానికీ, ఫార్క్ గెరిల్లాలకూ శాంతి ఒప్పందం కుదిరింది. అప్పగించిన ఆయుధాలతో స్మారకాలు కట్టాలన్నది ఒప్పందంలోనే ఉంది. కొలంబియాలో కట్టే బాధ్యత సాల్సెదోకు అప్పగించారు. ఆకాశంలోకి లేచే స్తంభం కట్టనంది ఆమె. ఆయుధాన్ని పైకెత్తి, దాని ముందు మనిషి తలెత్తి నిలబడటం ఆమెకు నచ్చలేదు.

సుమారు 37 టన్నుల ఆయుధాలను కరిగించి నేల పలకలుగా పోతపోయించింది. బొగోటాలో ఒక పాడుబడ్డ ఇంటి శిథిలాల మధ్య 1,296 పలకలు పరిచింది. పేరు ‘ఫ్రాగ్మెంతోస్’. 2018లో తెరిచారు. నున్నగా ఉండాల్సిన పలకలు గతుకులు గతుకులుగా, సుత్తి దెబ్బలు తిన్నట్టు ఉంటాయి. ఆ దెబ్బలు కొట్టింది ఆ యుద్ధంలో లైంగిక హింసకు గురైన స్త్రీలు. పోతకు కావాల్సిన అచ్చుల కోసం లోహపు రేకులను వాళ్లే సుత్తులతో కొట్టారు. ఏళ్ల తరబడి గుండెలో అదిమిపెట్టుకున్న కోపం, దుఃఖం చేతుల్లోంచి రేకు మీదికి దిగాయి. తుపాకి ముందు నిలబడి వణికిన చేతులే ఆ తుపాకి చివరి రూపాన్ని నిర్ణయించాయి. ఇవాళ ఆ గదిలోకి ఎవరు వెళ్లినా, మంత్రైనా, సైనికుడైనా, మాజీ గెరిల్లా అయినా, ఆ స్త్రీల దెబ్బల మీదే అడుగు వేయాలి. కాళ్ల కింద తుపాకి ఉంటుంది, తలమీద కాదు.

కరిగితే ఏమవుతుంది?

మెక్సికోలో మాదకద్రవ్యాల ముఠాల పేరు చెబితే ముందు గుర్తొచ్చే నగరాల్లో ఒకటి కులియకాన్. 2008లో అక్కడ పెద్రో రేయెస్ ఒక పిలుపు ఇచ్చాడు. మీ దగ్గరున్న తుపాకి ఇవ్వండి, ఇంటికి పనికొచ్చే సామాను కొనుక్కోవడానికి కూపను పుచ్చుకోండి అని టీవీలో ప్రకటనలు వేయించాడు. జనం 1,527 తుపాకులు తెచ్చి ఇచ్చారు. అందరూ చూస్తుండగా రోడ్డు రోలరుతో తొక్కించారు. కొలిమిలో కరిగించి సరిగ్గా 1,527 పారలు చేయించారు. ఒక్కో పార కర్రమీద దాని పుట్టుక కథ రాసి ఉంటుంది. ఒక్కో పారతో ఒక్కో చెట్టు నాటాలన్నది సంకల్పం. పిల్లలు, పెద్దలు ఎన్నో దేశాల్లో ఆ పారలతో మొక్కలు నాటారు. మట్టిలో దిగబడినప్పుడు వచ్చే ‘ఖణేల్’ శబ్దం ఇదివరకు ఏ పని చేసిన ఇనుముదో, నాటుతున్న పిల్లవాడికి తెలుసు. 2012లో ఆయనే ‘ఇమాజిన్’ పేరుతో తుపాకి ముక్కలతో యాభై వాద్యాలు తయారుచేశాడు. ఆ లోహం సియుదాద్ హువారెస్‌లో పట్టుబడి, ధ్వంసం చేసిన 6,700 తుపాకులది.

మొజాంబిక్‌లో అంతకుముందే ఈ పని పెద్ద ఎత్తున జరిగింది. బిషప్ దినిస్ సెంగులానె చొరవతో 1995లో క్రైస్తవ మండలి ‘ఆయుధాలను పనిముట్లుగా మార్చుదాం’ అని ఉద్యమం మొదలుపెట్టింది. తుపాకి తెచ్చినవాళ్లకు నాగలి, సైకిలు, కుట్టుమిషను ఇచ్చారు. ఆరు లక్షలకు పైగా ఆయుధాలు అలా పోగయ్యాయి. కొన్నిటిని కళాకారులకు ఇచ్చారు. కెస్టర్ సింహాసనం అలా పుట్టిందే. కెస్టర్‌తో పాటు మరో ముగ్గురు కలిసి 2004లో ‘ట్రీ ఆఫ్ లైఫ్’ చేశారు. మూడున్నర మీటర్ల ఎత్తు, అరటన్ను బరువు. కాండం, కొమ్మలు, ఆకులు, చెట్టుకింద జంతువులు, అన్నీ ఆయుధాల ముక్కలే.

ఆ చెట్టు గురించి తెలిసినప్పుడు తెలుగువాడికి జమ్మిచెట్టు గుర్తు రాకుండా ఉండదు. అజ్ఞాతవాసానికి వెళ్తూ పాండవులు ఆయుధాలను మూటగట్టి, శవమని చెప్పి జమ్మికొమ్మకు కట్టారు. ఇప్పటికీ దసరానాడు ఆ ఆకును బంగారమని ఒకరికొకరం ఇచ్చుకుని కావలించుకుంటాం. అయితే పాండవులు ఏడాది తిరగ్గానే ఆయుధాలు దింపుకున్నారు. ఆ తర్వాత కురుక్షేత్రం జరిగింది. మొజాంబిక్ చెట్టు మీది ఆయుధాలను ఎవరూ దింపుకోలేరు. వాటిని కోసేశారు, వెల్డింగ్ చేసేశారు. ఆ చెట్టు మీదున్నది నిజంగానే శవం, తుపాకి శవం.

ముడిపడిన గొట్టం

*1980 డిసెంబరు 8న న్యూయార్క్‌లో బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్‌ను ఇంటిముందే కాల్చి చంపారు. లెనన్‌ను ఎరిగిన స్వీడన్ శిల్పి కార్ల్ ఫ్రెడ్రిక్ రాయ్‌టర్స్‌వార్డ్ ఆ దుఃఖంలోంచి గొట్టానికి ముడివేసిన రివాల్వర్ శిల్పం చేశాడు. పేరు ‘నాన్ వయొలెన్స్’. దాని కంచు ప్రతిని 1988లో లక్సెంబర్గ్ దేశం ఐక్యరాజ్యసమితికి కానుకగా ఇచ్చింది. న్యూయార్క్‌లో సమితి ప్రధాన కార్యాలయం ముందు అదే ఉంది. ట్రిగ్గర్ అలాగే ఉంది, తూటా మాత్రం బయటికి రాలేదు. భాష తెలియనివాళ్లకు కూడా ఒక్క చూపులో అర్థమయ్యే శిల్పం కావడంతో ప్రపంచంలో ఎన్నో నగరాలు దాని ప్రతులు పెట్టుకున్నాయి.*

కళ తూటాను ఆపుతుందా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఉంటారు, అడగాలి కూడా. పౌరుల దగ్గరే 85.7 కోట్ల తుపాకులున్న ప్రపంచంలో 1,527 పారలు ఎంత? అమెరికాలోనే న్యూ ఆర్లియన్స్‌లో ‘గన్స్ ఇన్ ది హ్యాండ్స్ ఆఫ్ ఆర్టిస్ట్స్’ అని 1996లో ఒక ప్రదర్శన జరిగింది. పోలీసులు జనం నుంచి వెనక్కి తీసుకున్న తుపాకులను కళాకారుల చేతికిచ్చి, వీటితో ఏం చెప్పాలనుకుంటే అది చెప్పండన్నారు. 2014లో అదే ప్రదర్శనను మళ్లీ పెట్టాల్సి వచ్చింది. పద్దెనిమిదేళ్ల తర్వాత కూడా ఆ ఊరికి ఆ ప్రదర్శన అవసరం తీరలేదు.

కళ చట్టం కాదు. లైసెన్సు ఎవరికివ్వాలో, ఎవరికివ్వకూడదో నిర్ణయించేది చట్టసభలు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టాన్ని 2019లో సవరించి, ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకులను మూడునుంచి రెండుకు తగ్గించారు. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సంబరంగా గాల్లోకి కాల్చడాన్ని నేరంగా స్పష్టం చేశారు. అలాంటి పని కళ చేయలేదు. అయితే ఏ చట్టానికైనా ముందు ఒక మాట పుట్టాలి. పది లక్షల చావులు విన్నా చలించని మనిషి, ఒక్క జత పసిబూట్లు చూసి ఆగిపోతాడు. ఆ ఆగిన చోటే ఆ మాట పుడుతుంది. తుపాకి ఉన్నచోట మొదట నోరు మూతపడుతుంది. భయంతో కొందరు, అలవాటుతో కొందరు, నా ఇంటికి రాలేదులే అని ఇంకొందరు మాట్లాడటం మానేస్తారు. ఈ ప్రదర్శనలు ఆ మూతపడ్డ నోళ్లను తెరిపిస్తున్నాయి. వస్తువు ఇవ్వడానికి వచ్చిన తల్లి, పక్కన వస్తువు ఇవ్వడానికి వచ్చిన మరో తల్లిని కలుస్తుంది. ఇద్దరూ మాట్లాడుకుంటారు. అంతకుముందు ఒకే ఊళ్లో ఉన్నా ఒకరికొకరు తెలియదు.

ఇంకోసారి సాలార్‌జంగ్‌కు వెళ్లినప్పుడు పిల్లల్ని ఆయుధాల గదికి తప్పకుండా తీసుకెళ్లండి. పనితనాన్ని చూపించండి, మెచ్చుకోనివ్వండి. చీటీ చదివి వినిపించండి. ఆ తర్వాత ‘ఇది ఎవరి మీద పేలి ఉంటుంది?’ అని అడగండి. పిల్లలు జవాబు వెతుకుతారు. చీటీలో లేని మూడో పేరు గురించి వాళ్లు ఆలోచించడం అక్కడ మొదలవుతుంది.

షికాగో గాజు ఇళ్లలో అన్ని ఇటుకలూ నిండి లేవు. వస్తువు రాని ఇటుకలు ఖాళీగా, శుభ్రంగా ఉన్నాయి. వస్తువున్న ఇటుక ముందు నిలబడితే చూపు దానిమీదే ఆగిపోతుంది. ఖాళీ ఇటుక ముందు నిలబడితే గాజులోంచి అటువైపు నిలబడ్డ మనిషి కనిపిస్తాడు. ముక్కూమొహం తెలియని మనిషి, ఊపిరి తీస్తూ, మనలాగే ఇటువైపు చూస్తూ. ఆ ఇటుక అలాగే ఖాళీగా ఉండిపోవాలని అతడి కోసం మనమూ, మన కోసం అతడూ కోరుకోవడమే ఆ ఇల్లు అడుగుతున్నది.